భారత పౌరసత్వ దరఖాస్తు - నివాస నిబంధన

భారత పౌరసత్వ దరఖాస్తులో నివాస నిబంధన అనగా, భారత పౌరసత్వం కోరే విదేశీయుడు, లేదా విదేశీ పౌరసత్వం పొందిన భారత సంతతి వ్యక్తి, చట్టం నిర్దేశించిన కాలం పాటు తాను భారతదేశంలో నివసించినట్లు రుజువు చేయవలసిన షరతు. ఈ షరతుకు మూలం పౌరసత్వ చట్టం, 1955 లోని 5వ, 6వ సెక్షన్లు మరియు మూడవ షెడ్యూలు. జన్మ వలన గాని, వంశక్రమం వలన గాని పౌరులైనవారికి ఇది వర్తించదు. రిజిస్ట్రేషన్ ద్వారా, దేశీయీకరణ ద్వారా పౌరసత్వం కోరేవారికి మాత్రమే వర్తిస్తుంది.

పైకి ఇది రోజుల లెక్క వలె కనిపించును. కాని "నివాసం" అనగా ఏమి, ఎప్పటి నుండి ఎప్పటి వరకు లెక్కించవలెను, మధ్యలో విదేశానికి వెళ్ళివచ్చిన రోజుల సంగతి ఏమి, ఏ పత్రం దేనికి రుజువు అగును అన్న ప్రశ్నలపై అనేక వివాదాలు నడిచినవి. వీటిలో ఒకటి తెలంగాణలోని వేములవాడ శాసనసభ నియోజకవర్గానికి సంబంధించినది.

నేపథ్యం

భారత రాజ్యాంగం రెండవ భాగంలో 5 నుండి 11 వరకు గల అధికరణాలు పౌరసత్వాన్ని గురించి చెప్పుచున్నవి. వీటిలో 5 నుండి 9 వరకు గల అధికరణాలు 1949 నవంబరు 26 నాడే అమలులోకి వచ్చినవి. 5వ అధికరణం ప్రకారం, భారత భూభాగంలో స్థిరనివాసం కలిగి ఉండి, క్రింది మూడింటిలో ఏదైనా ఒక షరతును నెరవేర్చినవారు రాజ్యాంగ ప్రారంభంలో పౌరులైనారు.

* తాను భారత భూభాగంలో జన్మించి ఉండుట
* తల్లిదండ్రులలో ఒకరు భారత భూభాగంలో జన్మించి ఉండుట
* రాజ్యాంగ ప్రారంభానికి ముందు కనీసం అయిదేండ్లు సాధారణంగా భారతదేశంలో నివసించి ఉండుట

దేశ విభజన వలన పాకిస్తాన్ నుండి తరలివచ్చినవారి సంగతి 6వ అధికరణంలో ఉన్నది. 1948 జులై 19కి ముందు వచ్చినవారు వచ్చినది మొదలు ఇక్కడనే నివసిస్తున్నచో పౌరులుగా పరిగణింపబడిరి. ఆ తేదీన గాని, ఆ తరువాత గాని వచ్చినవారు అధికారి వద్ద నమోదు చేసుకొనవలసి వచ్చినది. అట్లు నమోదు కావలెనన్న దరఖాస్తుకు ముందు కనీసం ఆరు నెలలు భారతదేశంలో నివసించి ఉండవలెను. కనుక నివాస నిబంధన 1955 చట్టంతో పుట్టినది కాదు, రాజ్యాంగంతోనే ఉన్నది.

పౌరసత్వంపై చట్టాలు చేయు అధికారాన్ని 11వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చినది. దాని ప్రకారం వచ్చినదే 1955 నాటి పౌరసత్వ చట్టం. దీనిని 1986, 1992, 2003, 2005, 2015, 2019 సంవత్సరాలలో సవరించారు. 2003 సవరణ నివాస కాలాన్ని పెంచినది. 2015 సవరణ స్వల్ప సడలింపు ఇచ్చినది. 2019 సవరణ కొన్ని వర్గాలవారికి కాలాన్ని తగ్గించినది.

చట్టంలోని కాలపరిమితులు

దరఖాస్తుదారు ఏ వర్గానికి చెందునో దానిని బట్టి నివాస కాలం మారును. ముఖ్యమైన వర్గాలు ఇవి.

* భారత సంతతి వ్యక్తి, సెక్షన్ 5(1)(ఎ): భారతదేశంలో సాధారణ నివాసిగా ఏడేండ్లు.
* భారత పౌరుని లేదా పౌరురాలిని వివాహమాడిన విదేశీయులు, సెక్షన్ 5(1)(సి): సాధారణ నివాసిగా ఏడేండ్లు.
* తాను గాని, తల్లిదండ్రులలో ఒకరు గాని పూర్వం స్వతంత్ర భారత పౌరులై ఉన్న వయోజనులు, సెక్షన్ 5(1)(ఎఫ్): దరఖాస్తుకు సరిగ్గా ముందు పన్నెండు నెలలు.
* అయిదేండ్లుగా విదేశీ భారత పౌరుడు, అనగా ఓసీఐ కార్డుదారు, అయి ఉన్న వయోజనులు, సెక్షన్ 5(1)(జి): దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు.
* ఇతర విదేశీయులు, సెక్షన్ 6 మరియు మూడవ షెడ్యూలు: దరఖాస్తుకు సరిగ్గా ముందు పన్నెండు నెలలు, వానికి ముందటి పదునాలుగేండ్లలో మొత్తం మీద పదకొండేండ్లు. 2003 సవరణకు పూర్వం ఇది పన్నెండేండ్లలో తొమ్మిదేండ్లుగా ఉండెను.

ఈ వర్గాలన్నింటికీ సమానమైన షరతు ఒకటి ఉన్నది. దరఖాస్తుదారు అక్రమ వలసదారు కారాదు. చెల్లుబాటు అగు పాస్‌పోర్టు, ప్రయాణ పత్రాలు లేకుండా వచ్చినవారిని, వీసా గడువు తీరిన తరువాత కూడ ఉండిపోయినవారిని చట్టం అక్రమ వలసదారులుగా నిర్వచించినది. ఎన్ని ఏండ్లు నివసించినను, అక్రమ వలసదారు అయినచో ఆ నివాసం అక్కరకు రాదు. 2019 సవరణలో పేర్కొన్న వర్గాలవారు మాత్రమే ఇందుకు మినహాయింపు.

కీలక పదాల అర్థ వివరణ

సాధారణ నివాసి

5వ సెక్షన్‌కు జతచేసిన వివరణ ఈ పదానికి లెక్కతో కూడిన అర్థం చెప్పినది. (ఎ), (సి) వర్గాల దరఖాస్తుదారు, దరఖాస్తుకు సరిగ్గా ముందు గల పన్నెండు నెలలు ఆసాంతం భారతదేశంలో నివసించి ఉండవలెను. ఆ పన్నెండు నెలలకు ముందటి ఎనిమిదేండ్లలో మొత్తం ఆరేండ్లకు తగ్గకుండా నివసించి ఉండవలెను. ఒకటి, ఆరు కలిపిన ఏడేండ్లు. కనుక "ఏడేండ్లు" అన్న మాటకు వరుసగా ఏడేండ్లు అని అర్థం కాదు.

"ఆసాంతం", "మొత్తం మీద"

చట్టంలో ఈ రెండు మాటలు వేర్వేరు కాలాలకు వాడబడినవి. చివరి పన్నెండు నెలలకు "ఆసాంతం" అన్న మాట, అంతకు ముందటి కాలానికి "మొత్తం మీద" అన్న మాట వర్తించును. మొదటిదానిలో విరామానికి తావు లేదు. రెండవదానిలో విడివిడి కాలాలను కూడి లెక్కించవచ్చును. ఈ తేడాను గుర్తించకపోవుట వలన దరఖాస్తులు నిలువకుండా పోవుచున్నవి.

"సరిగ్గా ముందు"

పన్నెండు నెలల కాలం దరఖాస్తు పెట్టిన తేదీ నుండి వెనుకకు లెక్కింపబడును. ఎప్పుడో పదేండ్ల క్రితం ఒక సంవత్సరం పాటు కదలకుండా భారతదేశంలో ఉన్నానని చెప్పినచో చెల్లదు.

స్థిరనివాసం

నివాసం వేరు, డొమిసైల్ అను స్థిరనివాసం వేరు. ఒకచోట ఉండుట నివాసం. అక్కడనే శాశ్వతంగా ఉండిపోవలెనన్న సంకల్పం కూడ తోడైనచో అది స్థిరనివాసం. 5వ అధికరణం స్థిరనివాసాన్ని కోరును. లూయీ డి రేట్ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని స్పష్టం చేసినది. 1937 నుండి భారతదేశంలో ఉన్న విదేశీ మత ప్రచారకుడు రాజ్యాంగ ప్రారంభం నాటికే తాను పౌరుడనైతినని వాదించెను. ఎంతకాలం ఉన్నను, ఇక్కడ శాశ్వతంగా స్థిరపడు సంకల్పం ఉన్నట్లు రుజువు కాలేదని న్యాయస్థానం ఆ వాదాన్ని త్రోసిపుచ్చినది.

రోజుల గణన: ఒక ఉదాహరణ

భారత పౌరుని వివాహమాడి విజయవాడలో కాపురముంటున్న ఒక విదేశీ మహిళ 2025 జూన్ 1న దరఖాస్తు పెట్టినదని అనుకొందము. లెక్క ఈ విధంగా ఉండును.

* 2024 జూన్ 1 నుండి 2025 మే 31 వరకు: భారతదేశంలోనే ఉండవలెను.
* 2016 జూన్ 1 నుండి 2024 మే 31 వరకు గల ఎనిమిదేండ్లు: ఇందులో మొత్తం ఆరేండ్లు భారతదేశంలో ఉండవలెను. అనగా రెండేండ్ల వరకు విదేశంలో ఉన్నను దోషం లేదు.

ఆమె 2019లో పది నెలలు పుట్టింట ఉన్నదనుకొన్నను దరఖాస్తుకు భంగం లేదు. కాని 2025 జనవరిలో తల్లి జబ్బు పడినదని తెలిసి స్వదేశం వెళ్ళి నలుబది రోజులు ఉండి వచ్చినచో, జూన్ 1 నాటి దరఖాస్తు నిబంధనకు సరిపడదు. తిరిగి వచ్చిన నాటి నుండి పన్నెండు నెలలు నిండిన తరువాత దరఖాస్తు పెట్టుకొనుట క్షేమం. పది నెలలు బయట ఉన్నను పోని అర్హత నలుబది రోజులకే పోవుట వింతగా తోచవచ్చును. కాని రెండు కాలాలకు చట్టం వాడిన మాటలు వేరు కనుక ఫలితం కూడ వేరగుచున్నది.

2015 నాటి సడలింపు

ఇట్టి ఇబ్బందులను కొంత తగ్గించుటకు 2015 సవరణ చట్టంలో ఒక వెసులుబాటు చేర్చిరి. ప్రత్యేక పరిస్థితులు ఉన్నవని కేంద్ర ప్రభుత్వం తృప్తి చెందినచో, ఆ కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేసి, పన్నెండు నెలల కాలంలో గరిష్ఠంగా 30 రోజుల వరకు సడలించవచ్చును. ఈ 30 రోజులు ఒకేసారి కాక విడివిడిగా కూడ ఉండవచ్చును.

ఇందులో రెండు విషయాలు గమనింపదగినవి. ఇది దరఖాస్తుదారు హక్కు కాదు, ప్రభుత్వ విచక్షణ. రెండవది, 30 రోజులు దాటిన విరామానికి ఈ సడలింపు చాలదు. పై ఉదాహరణలోని మహిళ నలుబది రోజులు వెళ్ళినది కనుక ఆమెకు ఇది ఉపయోగపడదు.

రుజువు పత్రాలు

నివాసాన్ని రుజువు చేయు భారం దరఖాస్తుదారుదే. సాధారణంగా ఉపయోగపడు ఆధారాలు ఇవి.

* విదేశీ పాస్‌పోర్టు, అందులోని వీసాలు, రాకపోకల ముద్రలు. గడువు తీరిన పాత పాస్‌పోర్టులు కూడ అంతే ముఖ్యం, ఏలయనగా గడచిన ఏండ్ల ముద్రలు వాటిలోనే ఉండును.
* విదేశీయుల నమోదు అధికారి ఇచ్చిన నివాస అనుమతి పత్రం, దాని పొడిగింపులు.
* అద్దె ఒప్పందం, ఇంటి పన్ను రసీదులు, విద్యుత్తు బిల్లులు.
* ఉద్యోగ, విద్యా సంస్థల ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా వివరాలు.

ఇవన్నియు ఒకే బలం గలవి కావు. అద్దె ఒప్పందం ఇల్లు ఉన్నదని చెప్పును గాని, ఆ ఇంటిలో మనిషి ఉన్నాడని చెప్పదు. విద్యుత్తు బిల్లు కుటుంబంలో ఎవరున్నను వచ్చును. దేశంలోనికి వచ్చిన తేదీని, వెళ్ళిన తేదీని చెప్పునవి పాస్‌పోర్టు ముద్రలు, ఇమ్మిగ్రేషన్ రికార్డులు మాత్రమే. కావున దరఖాస్తులో వ్రాసిన తేదీలు వాటితో సరిపోవలెను.

ఓసీఐ కార్డుదారుల విషయంలో ఒక చిక్కు ఉన్నది. ఈ పథకం హైదరాబాదులో 2006 జనవరిలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సందర్భంగా ప్రారంభమైనది. సాధారణ విదేశీయుల వలె వీరు ఎంతకాలం ఉన్నను నమోదు అధికారి వద్ద నమోదు కానక్కరలేదు. ఇది సౌకర్యమే అయినను, పౌరసత్వం కోరునాటికి నివాస అనుమతి పత్రం అను ఆధారం వీరి చేతిలో ఉండదు. కాబట్టి పాస్‌పోర్టు ముద్రలను, ఇతర పత్రాలను భద్రపరచుకొనుట వీరికి మరింత అవసరం.

దరఖాస్తు పరిశీలన

పౌరసత్వ నియమాలు, 2009 ప్రకారం దరఖాస్తు సాధారణంగా తాను నివసించు జిల్లా కలెక్టరుకు చేరును. కలెక్టరు విచారణ జరిపి తన నివేదికతో రాష్ట్ర ప్రభుత్వానికి, రాష్ట్ర ప్రభుత్వం తన అభిప్రాయంతో కేంద్ర హోం మంత్రిత్వ శాఖకు పంపును. తుది నిర్ణయం కేంద్రానిది. దేశీయీకరణ కోరేవారు రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏదైనా ఒక భాషలో తగినంత పరిజ్ఞానం కలిగి ఉండవలెను. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది కనుక తెలుగు వచ్చినచో ఈ షరతు నెరవేరును.

తెలిసి తెలిసి అసత్య సమాచారం ఇచ్చుట చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నేరం. అయిదేండ్ల వరకు జైలు గాని, యాభై వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మోసం చేసి గాని, అసత్యం చెప్పి గాని, వాస్తవాన్ని దాచి గాని పొందిన పౌరసత్వాన్ని 10వ సెక్షన్ క్రింద కేంద్రం రద్దు చేయవచ్చును. అయితే అట్లు రద్దు చేయుటకు ముందు, ఆ వ్యక్తి పౌరునిగా కొనసాగుట ప్రజాహితానికి అనుకూలం కాదని ప్రభుత్వం తృప్తి చెందవలెనని 10(3) ఉపసెక్షన్ చెప్పుచున్నది.

వేములవాడ కేసు

పన్నెండు నెలల నిబంధన ఎంతటి పరిణామాలకు దారితీయగలదో చెప్పుటకు చెన్నమనేని రమేష్ కేసు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన జర్మనీలో స్థిరపడి 1993లో ఆ దేశ పౌరసత్వం పొందెను. తిరిగి భారత పౌరసత్వం కోరుతూ 2008లో సెక్షన్ 5(1)(ఎఫ్) క్రింద దరఖాస్తు పెట్టెను. 2009లో పౌరసత్వం లభించినది. అదే సంవత్సరం వేములవాడ నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 2010 ఉప ఎన్నికలోను, 2014, 2018 ఎన్నికలలోను తిరిగి గెలిచెను.

ఎన్నికలలో ఆయన ప్రత్యర్థి అయిన ఆది శ్రీనివాస్ ఈ పౌరసత్వాన్ని సవాలు చేసెను. దరఖాస్తుకు ముందటి పన్నెండు నెలలలో రమేష్ విదేశాలకు వెళ్ళివచ్చెనని, ఆ సంగతి దరఖాస్తులో తెలుపలేదని ఫిర్యాదు సారాంశం. ఆ తరువాతి ఘట్టాలు ఇవి.

* 2017: విచారణ అనంతరం కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పౌరసత్వాన్ని రద్దు చేసినది. విషయం హైకోర్టుకు వెళ్ళినది.
* 2019 జులై: 10(3) ఉపసెక్షన్ దృష్ట్యా మరల పరిశీలించవలెనని హైకోర్టు విషయాన్ని హోం మంత్రిత్వ శాఖకు తిప్పి పంపినది.
* 2019 నవంబరు: మంత్రిత్వ శాఖ రెండవసారి రద్దు ఉత్తర్వు ఇచ్చినది.
* 2024 డిసెంబరు: తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషనును కొట్టివేసి, 30 లక్షల రూపాయలు ఖర్చుల క్రింద చెల్లించవలెనని ఆదేశించినది. ఇందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు చెల్లవలెను.

దరఖాస్తు నాటి నుండి ఈ తీర్పు వరకు పదునారు సంవత్సరాలు గడచినవి. 30 రోజుల సడలింపు 2015లో వచ్చినది కనుక 2008 నాటి దరఖాస్తు సమయంలో అది లేదు. ఈ కేసులో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నవి. విదేశ ప్రయాణం చేసిన వ్యక్తి పన్నెండు నెలల నివాసం పూర్తి చేసినట్లా అన్నది ఒకటి. ఆ ప్రయాణాన్ని తెలుపకపోవుట వాస్తవాన్ని దాచుట అగునా అన్నది రెండవది. అర్హత లేనిచో దరఖాస్తు తిరస్కరింపబడును, కొంతకాలం ఆగి మరల పెట్టుకొనవచ్చును. వాస్తవం దాచినట్లు తేలినచో వచ్చిన పౌరసత్వం కూడ పోవును.

2019 సవరణ, 2024 నియమాలు

2019 పౌరసత్వ సవరణ చట్టం, ఆఫ్ఘనిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ దేశాల నుండి 2014 డిసెంబరు 31 నాటికి భారతదేశం వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవ వర్గాలవారికి దేశీయీకరణ నివాస కాలాన్ని పదకొండేండ్ల నుండి అయిదేండ్లకు తగ్గించినది. మతం ఆధారంగా భేదం చూపుచున్నదని ఈ చట్టాన్ని సుప్రీంకోర్టులో పలువురు సవాలు చేసిరి. దీని అమలుకు నియమాలు 2024 మార్చి 11న వెలువడినవి.

ఈ నియమాలలో రుజువు పత్రాల జాబితాలు రెండు ఉన్నవి. మొదటిది పై మూడు దేశాలలో ఒకదానికి చెందినవారని చూపుటకు, రెండవది 2014 డిసెంబరు 31కి ముందే వచ్చినట్లు చూపుటకు. రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, నమోదైన అద్దె ఒప్పందం, పాఠశాల ధ్రువపత్రం వంటివి రెండవ జాబితాలో ఉన్నవి. పత్రం గడువు తీరినదైనను అంగీకరింతురు.

అస్సాం విషయం

అస్సాంకు 6ఎ సెక్షన్ ప్రత్యేకంగా వర్తించును. 1971 మార్చి 25 ఇందులో కీలకమైన తేదీ. అక్కడి జాతీయ పౌర పట్టిక తయారీలో, తాము గాని తమ పూర్వీకులు గాని ఆ తేదీకి ముందే అక్కడ ఉన్నట్లు పత్రాలతో చూపవలసి వచ్చినది. 2019 ఆగస్టు 31న ప్రకటించిన తుది జాబితాలో 19,06,657 మందికి చోటు దక్కలేదు. వివాహమై వేరే ఊరికి వెళ్ళిన స్త్రీలు తండ్రితో తమ సంబంధాన్ని చూపుటకు గ్రామ పంచాయతీ ధ్రువపత్రంపై ఆధారపడిరి. తగిన పరిశీలన జరిపి అట్టి పత్రాలను అంగీకరించవచ్చునని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 6ఎ సెక్షన్ రాజ్యాంగబద్ధమేనని 2024 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నాలుగు-ఒకటి మెజారిటీతో నిర్ణయించినది.

సాధారణ అపోహలు

* ఆధార్ ఉన్నచో పౌరుడే: సరి కాదు. ఆధార్ చట్టం, 2016 లోని 9వ సెక్షన్ ప్రకారం ఆధార్ సంఖ్య పౌరసత్వానికి గాని, స్థిరనివాసానికి గాని రుజువు కాదు. నమోదుకు ముందటి పన్నెండు నెలలలో 182 రోజులు నివసించిన విదేశీయులు కూడ ఆధార్ పొందవచ్చును.
* ఆదాయపు పన్ను చట్టం క్రింద నివాసి అయినచో చాలును: సరి కాదు. పన్ను లెక్కలో 182 రోజుల సూత్రం ఉన్నది. పౌరసత్వానికి పన్నెండు నెలలు ఆసాంతం కావలెను.
* తహసీల్దారు ఇచ్చు నివాస ధ్రువపత్రం చాలును: ఆ పత్రం చదువులకు, స్థానిక అవసరాలకు ఉపయోగపడును. పౌరసత్వ దరఖాస్తులో అది ఒక సహాయక ఆధారం కాగలదు గాని, రాకపోకల తేదీలకు బదులు కాదు.
* 371-డి అధికరణం క్రింద స్థానికత కలిగి ఉన్నచో సరిపోవును: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులు ఎరిగిన "స్థానిక అభ్యర్థి" అన్న మాట ప్రవేశాలకు, ఉద్యోగాలకు సంబంధించినది. పౌరసత్వానికి దానితో సంబంధం లేదు.
* భారత పౌరుని పెండ్లాడినచో వెంటనే పౌరసత్వం వచ్చును: రాదు. ఏడేండ్ల నివాసం తరువాత దరఖాస్తు పెట్టుకొను అర్హత మాత్రమే వచ్చును.

ఒకే "నివాసం" అన్న మాటకు ఆధార్, ఆదాయపు పన్ను, స్థానికత, పౌరసత్వం అను నాలుగు చోట్ల నాలుగు అర్థాలు ఉన్నవి. ఒకచోటి అర్థాన్ని మరియొకచోట అన్వయించుటయే పై అపోహలలో పెక్కింటికి కారణం.

ఇవి కూడా చూడండి

* భారత రాజ్యాంగం
* పౌరసత్వ చట్టం, 1955
* విదేశీ భారత పౌరుడు
* వేములవాడ శాసనసభ నియోజకవర్గం
* జాతీయ పౌర పట్టిక